పాత ఎస్టీమ్‌లో నీళ్లు ఎటు పోతున్నాయో కనిపెట్టిన విజయవాడ ఆటోనగర్ షాపు

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు కోశానో తర్వాత చెప్తాను. ముందు బండి కథ వినండి, అది వినకపోతే ఈ షాపు గొప్పేంటో అర్థం కాదు.

మాది 2004 మోడల్ మారుతీ ఎస్టీమ్ కారు. పెట్రోల్, 1298 సీసీ ఇంజిన్, ఏపీ 16 నంబరు. నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి కొన్నారు. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకి ఇంకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాం. "ఇంకా ఎన్నాళ్లురా ఆ డొక్కు బండి" అని అడగని చుట్టం లేడు. కానీ అందులో ముందు సీట్లో కూర్చుంటే నాన్నగారి ముఖం వేరేగా ఉంటుంది, అందుకని అమ్మే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఫిబ్రవరిలో బందరులో పెళ్లి చూసుకుని విజయవాడ తిరిగొస్తున్నాం. ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి కారులో తియ్యటి వాసన. ఉయ్యూరంటే షుగర్ ఫ్యాక్టరీ కదా, చెరకు సీజను కూడా, పాకం కాస్తున్న వాసన రావడం మామూలే అనుకుని అద్దాలెక్కించాం. కంకిపాడు దాటాం. వాసన అలాగే ఉంది, ఇంకా ముదిరింది. మా ఆవిడ అంది, "ఏవండీ, ఫ్యాక్టరీ మన వెనకాలే వస్తోందా ఏంటి?" అని. అప్పుడు చూశాను టెంపరేచర్ ముల్లు వైపు. ఎప్పుడూ పావు దాటని ముల్లు (బండి చల్లగా నడుస్తోందని నేను తెగ మురిసిపోయేవాణ్ని, ఆ సంగతి తర్వాత తేలింది) ముప్పావు దాటి ఎర్ర గీత వైపు పోతోంది. పోరంకి ముందు ఒక కొబ్బరిబోండాల బండి పక్కన ఆపేశా.

బానెట్ ఎత్తి చూస్తే ఎక్కడా కారడం లేదు. రోడ్డు మీద ఒక్క చుక్క లేదు. ఇంజిన్ నీళ్లని చల్లబరిచే రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు సగం పైనే ఉన్నాయి. మరి ఎందుకు వేడెక్కిందీ అంటే ఏమో. ముప్పావు గంట ఆగి, హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, రేడియేటర్ క్యాప్ మీద తడి గుడ్డ వేసి కొంచెం కొంచెంగా తిప్పి తీస్తే లోపల నీళ్లు కనపడనే లేదు. దయచేసి వేడి మీద మాత్రం ఆ క్యాప్ ముట్టుకోకండి, లోపలి నీళ్లు ముఖం మీదకి చిమ్ముతాయి, కాలిన చేతులు నేను చూశాను. రెండు లీటర్ల నీళ్లు గటగటా తాగేసింది బండి. ఇంటికి చేరాం.

ఇక్కణ్ణుంచి నా తెలివితక్కువతనం. నెలన్నర పాటు రోజూ పొద్దున్నే క్యాప్ తీయడం, అర లీటరు నీళ్లు పోయడం. ఏ నీళ్లు? మా బోరు నీళ్లు. ఆ నీళ్లకి మా బాత్రూమ్ కుళాయిలే తెల్లగా చారలు కడతాయి, గీజర్ రెండేళ్లకోసారి మారుస్తాం. వాటినే ఇంజిన్‌లో పోస్తున్నానన్న ఆలోచన ఒక్క రోజు కూడా రాలేదు.

తర్వాత ఇంటి దగ్గర ఒక గ్యారేజీలో చూపించా. పేరు అనవసరం. ఆయన క్యాప్ తీసి ఇంజిన్ స్టార్ట్ చేశాడు, రేడియేటర్ మూతిలో బుడగలొచ్చాయి, అంతే. "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్. హెడ్ దింపాలి, లేత్‌లో ఫేసింగ్ కొట్టించాలి, 22 వేలవుతుంది, విప్పాక లోపల ఇంకేమైనా కనపడితే అది వేరే" అన్నాడు. (హెడ్ అంటే ఇంజిన్ పై భాగం, గ్యాస్కెట్ అంటే దాని కింద మంటా నీళ్లూ కలవకుండా ఆపే పల్చటి రేకు.) మొత్తం రెండు నిమిషాల పరీక్ష. డాక్టరు నాడి పట్టుకుని ఓపెన్ హార్ట్ సర్జరీ రాసినట్టుంది. అడ్వాన్స్ ఇవ్వబోయి కూడా ఆగిపోయా, అది నా అదృష్టం. మా ఆఫీసు కారు నడిపే డ్రైవరు ఈ సంగతి విని, "సార్, హెడ్ దింపే ముందు ఒక్కసారి ఆటోనగర్‌లో పెద్దాయనకి చూపించండి. ఆయన ముందు కనిపెడతాడు, ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు" అన్నాడు.

షాపు జవహర్ ఆటోనగర్ లోపల, లారీ బాడీలు కట్టే వైపు ఉంటుంది. పేరు రాయడం లేదు. రాస్తానంటే ఆయనే వద్దన్నారు, "ఉన్నది ఇద్దరు కుర్రాళ్లు, ఇప్పుడొచ్చే బళ్లకే నాకు టైము చాలట్లేదు" అని. గోడ పొడుగునా పాత రేడియేటర్లు నిలబెట్టి ఉంటాయి, ముందొక సిమెంటు తొట్టి, అందులో నీళ్లు. రేడియేటర్ని అందులో ముంచి గాలి కొట్టి బుడగ ఎక్కణ్ణుంచి వస్తుందో చూసే తొట్టి అది. అది గుర్తు పెట్టుకుని ఆ లైన్లో ఎవర్నడిగినా చూపిస్తారు.

నాకు మొదట నచ్చిందేంటంటే, పెద్దాయన బానెట్ ఎత్తలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. రోజుకి ఎన్ని నీళ్లు తగ్గుతున్నాయి? నడిపిన రోజే తగ్గుతుందా, నిలబెట్టినా తగ్గుతుందా? పొద్దున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తోందా, వస్తే ఎంతసేపు? ముందు అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకేస్తోందా, కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తోందా? ఈ చివరి రెండూ హీటర్ కోర్ కోసం. డాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది, అది కారితే నీళ్లు కారు బయట కాదు, లోపల పడతాయి. మనం వేసవి దేశం వాళ్లం, హీటర్ ఎప్పుడూ వేయం కాబట్టి అదొకటి ఉందనే మర్చిపోతాం. అన్నిటికీ జవాబులు చెప్పా. "నిలబెట్టినా కొంచెం తగ్గుతోంది, మ్యాట్ పొడిగానే ఉంది, పొగ లేదు" అంటే, "అయితే హెడ్ మీదకి అప్పుడే పోవద్దు బాబూ. ఇవాళ బండి ఇక్కడే వదిలేసి వెళ్లండి, రేపు పొద్దున తొమ్మిదింటికి రండి. ఇంజిన్ రాత్రంతా చల్లారాలి" అన్నారు.

మర్నాడు నేను సెలవు పెట్టి మరీ వెళ్లా. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ గంటన్నర కోసమే ఈ రివ్యూ.

ముందు క్యాప్ తీశారు. రేడియేటర్ క్యాప్ అంటే నేను బిందె మీద మూత లాంటిదే అనుకున్నా. దాని మీద 0.9 అని అచ్చు వేసి ఉంది. అంటే చదరపు సెంటీమీటరుకి 0.9 కేజీల ప్రెషర్ వరకు ఆ మూత పట్టి ఉంచాలి, అంతకు మించితేనే స్ప్రింగు లేచి పక్క డబ్బాలోకి వదలాలి. ఆ ప్రెషర్‌లో ఉత్త నీళ్లు కూడా 100 డిగ్రీల దగ్గర మరగవు, 118 దాకా ఆగుతాయి. అచ్చం కుక్కర్ లెక్క, గ్యాస్కెట్ పోయిన కుక్కర్‌లో పప్పు ఉడకనట్టే క్యాప్ పోయిన ఇంజిన్‌లో నీళ్లు నిలవవు. క్యాప్ అడుగున ఇంకో చిన్న వాల్వు ఉంటుంది, ఇంజిన్ చల్లారేటప్పుడు డబ్బాలోంచి నీళ్లని వెనక్కి పీల్చుకునేది. మా క్యాప్ రబ్బరు గోరుతో గుచ్చినా దిగడం లేదు, ప్లాస్టిక్‌లా అయిపోయింది. ఆయన దగ్గర ఒక చేతి పంపు ఉంది, సైకిలు పంపులో సగం ఉంటుంది, దానికొక మీటరు. క్యాప్‌ని దానికి బిగించి కొడితే ముల్లు 0.5 దగ్గరికి వచ్చేసరికే ఉస్సుమని వదిలేసింది.

తర్వాత అదే పంపుని రేడియేటర్ మూతికి తగిలించారు. నీళ్లు మూతి దాకా నింపి, మెల్లగా 0.9 దాకా కొట్టి వదిలేసి, "టీ తాగొద్దాం రండి" అన్నారు. నేను కదల్లేదు, ముల్లు దగ్గరే నిలబడ్డా. మొదటి రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వెంట్రుక వాసి దిగింది. పది నిమిషాలకి 0.7. ఇంజిన్ ఆగి ఉంది, చల్లగా ఉంది, అయినా ప్రెషర్ ఎటో పోతోంది. ఆ ముల్లు దిగుతుంటే నాకు దిగులేయాలి నిజానికి, కానీ నెలన్నరగా కనపడని దొంగ అడుగుల చప్పుడు విన్నట్టు సంతోషమేసింది.

ఇంక వెతుకులాట. కుర్రాడు బండి కింద పాత క్యాలెండర్ అట్ట పరిచాడు, తెల్ల వైపు పైకి పెట్టి. పెద్దాయన టార్చి ఒక చేత్తో, పొడుగు కాడకి అంటించిన చిన్న అద్దం ఇంకో చేత్తో పట్టుకుని ఒక్కో చోటూ చూస్తున్నారు. పై హోసు, కింద హోసు, హోసు క్లిప్పుల దగ్గర వేలు పెట్టి తడి చూడటం, హోసుని నొక్కి పగుళ్లు చూడటం. కింద హోసు బయటికి బాగానే ఉంది, నొక్కితే లోపల కరకరమంది. రేడియేటర్ అంచున అల్యూమినియం కోర్‌కీ ప్లాస్టిక్ ట్యాంకుకీ మధ్య మడత ఉంటుంది, ఈ కాలం రేడియేటర్లు కారేది ఎక్కువగా అక్కడే అట, మాది పొడిగా ఉంది. ఇంజిన్ బ్లాకు పక్కన నాణెంలా గుండ్రంగా ఉండే ఇనప మూతలు, అవీ పొడిగానే ఉన్నాయి. చివరికి మానిఫోల్డ్ అనే గొట్టాల గుత్తి కిందకి అద్దం పోనిచ్చి, "ఇలా రండి బాబూ, మీరే చూడండి" అన్నారు.

కింద హోసు నుంచి వాటర్ పంపులోకి నీళ్లు తీసుకెళ్లే ఇనప గొట్టం ఒకటి ఇంజిన్‌ని ఆనుకుని పోతుంది. ఆ గొట్టం మీద తెల్లగా, అంచులు ఆకుపచ్చగా, ఉప్పు పేరుకున్నట్టు ఒక మచ్చ. ఆ మచ్చ మధ్యలో చెమట బొట్టంత నీటి చుక్క ఊరుతోంది, జారడం లేదు, ఊరుతోందంతే. పెద్దాయన గుడ్డతో తుడిచారు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టా. ముప్పై ఎనిమిది దగ్గర మళ్లీ ఊరింది. సూది మొన అంత కన్నం. బండి నడిచేటప్పుడు ఆ చుక్క పక్కనున్న వేడి మీద పడి ఆవిరైపోతుంది, అందుకే రోడ్డు మీద నాకు చుక్క కనపడలేదు, ఆ ఆవిరే బ్లోయర్ గుండా లోపలికొచ్చి ఉయ్యూరు దగ్గర బెల్లం పాకం వాసన కొట్టింది. ఇంజిన్ నీళ్లలో కలిపే కూలెంట్ అనే మందు వాసనే తియ్యగా ఉంటుందట. అన్నట్టు, తియ్యగా ఉంటుంది కదా అని కుక్కలు నాకుతాయి, కుక్కలకీ పిల్లులకీ అది విషం. కారిన చోట కడిగేయండి.

అక్కడితో ఆగితే ఆయన మామూలు మెకానిక్. "ఒకటి దొరికిందని రెండోది లేదనుకోకూడదు" అని మళ్లీ 0.9 కొట్టించి వాటర్ పంపు దగ్గరికి అద్దం పెట్టారు. వాటర్ పంపుని ఆటోనగర్‌లో వాటర్ బాడీ అంటారు. దాని అడుగున కావాలనే పెట్టిన చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రంలోంచి బయటికొచ్చి మనకి చెప్తాయి. అక్కణ్ణుంచి కిందకి ఎండిన ఆకుపచ్చ చార, చీమిడి కట్టినట్టు. ఇప్పుడు కారడం లేదు, కానీ కారుతూ ఆగుతూ ఉందన్నమాట.

మరి ఆ బుడగలు? అదే అడిగా. గొట్టానికి కన్నం ఉంటే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నీళ్లు బయటికి పోతాయి, చల్లారేటప్పుడు అదే కన్నంలోంచి గాలి లోపలికి పోతుంది. గాలి లోపలికి వచ్చేస్తుంటే డబ్బాలోంచి నీళ్లు పీల్చే పనే ఉండదు, అందులోనూ మా క్యాప్ చచ్చిపోయింది. అందుకే డబ్బాలో సగం నీళ్లున్నా రేడియేటర్ ఎండిపోయింది. ఆ గాలే బుడగలు. డబ్బా చూసి ధైర్యంగా ఉండే వాళ్లందరికీ చెప్తున్నా, పాత బండైతే వారానికోసారి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ క్యాప్ తీసి లోపల చూడండి. టెంపరేచర్ ముల్లుని కూడా పూర్తిగా నమ్మొద్దు. సెన్సరు మునిగేంత నీళ్లుంటేనే అది నిజం చెప్తుంది, నీళ్లు బాగా తగ్గి సెన్సరు గాల్లో ఉంటే, లోపల ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు చల్లగా కూర్చోవచ్చు.

హెడ్ గ్యాస్కెట్ సంగతి కూడా నోటి మాటతో కొట్టిపారేయలేదు, పరీక్ష చేసే చూపించారు. ఆయిల్ క్యాప్ తీసి చూపించారు, నీళ్లు కలిస్తే మజ్జిగ నురగలా తెల్లగా ఉంటుంది, మాది మామూలు నల్ల నూనే. తర్వాత ఇంజిన్ వేడెక్కించి, రేడియేటర్లో కొంచెం నీళ్లు తీసేసి, మూతి మీద ఒక గాజు గొట్టం పెట్టారు. అందులో నీలం మందు. పైన రబ్బరు బుడ్డి నొక్కుతుంటే రేడియేటర్‌లోని గాలి ఆ మందులోంచి బుడబుడమని వస్తుంది. గ్యాస్కెట్ పోతే సిలిండర్లో మండిన గాలి నీళ్లలోకి వస్తుంది, అందులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం కాస్తా పసుపు రంగుకి తిరుగుతుంది. అయిదు నిమిషాలు నొక్కారు. నీలం నీలంగానే ఉంది. ఆ రంగు చూస్తూ నేను మనసులో 22 వేలు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నా.

పరీక్షకి 300 అని ముందే చెప్పారు, పని అక్కడే చేయిస్తే అది బిల్లులో తీసేస్తారు. చేయించకపోతే 300 ఇచ్చి, లోపం ఏంటో తెలుసుకుని, ఎక్కడికైనా వెళ్లొచ్చు. నాకైతే ఇంత న్యాయమైన లెక్క ఏ గ్యారేజీలోనూ తగల్లేదు.

బేరం దగ్గర మాత్రం కాసేపు పెనుగులాడా. కారేది గొట్టం కదా, గొట్టం మార్చి పంపండి చాలన్నా. ఆయన ఒప్పుకోలేదు. ఈ ఇంజిన్లో వాటర్ పంపు తీయాలంటే టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపలి భాగాల్ని ఒకే లెక్కలో తిప్పే పట్టీ) విప్పక తప్పదు. బెల్టు ఎలాగూ విప్పుతారు, పాత బెల్టు మళ్లీ తొడగడం తప్పు, కాబట్టి పంపు, బెల్టు, గొట్టం, దాని రబ్బరు రింగులు అన్నీ ఒకే కూలితో అయిపోతాయి. ఇవాళ గొట్టం ఒక్కటే మారిస్తే, ప్రెషర్ సరిగ్గా నిలబడటం మొదలయ్యాక బలహీనంగా ఉన్న పంపు సీలు రెండు నెలల్లో పోతుంది, మళ్లీ ఇదంతా. "కొత్త కుండ తెచ్చి పాత చిల్లుల మూకుడు మూత పెట్టినట్టుంటుంది బాబూ, ఆపైన మీ ఇష్టం" అన్నారు. సరే అన్నాను.

పాత సామాన్లు నా ముందు పెట్టమని అడిగా (మీరూ అడగండి, అడక్కపోతే పక్కన పాత ఇనుము గుట్టలోకి పోతాయి). గొట్టాన్ని బల్ల మీద పెట్టి ఆ తెల్ల మచ్చ పక్కన స్క్రూడ్రైవర్‌తో ఊరికే నొక్కారు, నానిన అట్టలోకి దిగినట్టు దిగింది. పంపు రెక్కలు అంచుల్లో ఎలుకలు కొరికినట్టున్నాయి. లోపలంతా తుప్పు రంగు బురద, వేలికి పట్టుకుంటే ఇసకలా గరగర. అది నా బోరు నీళ్ల పుణ్యం. కూలెంట్ అంటే చల్లబరిచే మందు అనుకుంటాం కదా, నిజానికి వేడిని లాగడంలో ఉత్త నీళ్లే మెరుగు. కూలెంట్ కలిపేది ఇనుము, అల్యూమినియం తుప్పు పట్టకుండా, నీళ్లు తొందరగా మరగకుండా. అది లేకుండా సున్నం నీళ్లు పోస్తే లోపల్నుంచి తినేస్తాయి.

ఇంకో విచిత్రం బయటపడింది. థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు, ఉండాల్సిన చోట ఖాళీ. ఎప్పుడో ఏ మెకానిక్కో, "మన ఎండలకి ఇదెందుకు" అని పీకేశాడు. ముల్లు పావు దాటకపోవడానికి కారణం అదన్నమాట. నేను బండి ఆరోగ్యం అనుకున్నా. థర్మోస్టాట్ లేకపోతే హైవే మీద ఇంజిన్ సరైన వేడికే రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువే. కొత్తది తెప్పించారు, దాని మీద 82 అని ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. అలాగే బిగించేస్తారనుకున్నా. లేదు, కుర్రాణ్ని పిలిచి, "చిన్నా, టీ కొట్టు నుంచి వేణ్నీళ్లు పట్రా" అన్నారు. స్టీలు గ్లాసులో మరిగే నీళ్లు, అందులో దారం కట్టి థర్మోస్టాట్‌ని వేలాడదీశారు. కాసేపటికి మధ్యలోని ఇత్తడి బుడిపె కదిలి, వాల్వు కప్ప నోరు తెరిచినట్టు మెల్లగా తెరుచుకుంది. బయటికి తీస్తే మళ్లీ మెల్లగా మూసుకుంది. కొత్త వాటిల్లో కూడా తెరుచుకోనివి వస్తాయట, బిగించాక తెలిస్తే పనంతా రెండోసారి.

నాన్నగారు ఫోన్‌లో అడగమన్న ప్రశ్న కూడా అడిగా, రేడియేటర్‌లో పసుపు వేస్తే కన్నాలు మూసుకుపోతాయంటారు, నిజమేనా అని. లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో చేసే చిట్కానే అది. పెద్దాయన నవ్వారు. "మూస్తుందండీ, ఎందుకు మూయదు. కానీ ఏది కన్నమో ఏది దారో పసుపుకి తెలీదు కదా. రేడియేటర్ సన్న గొట్టాలూ మూస్తుంది, హీటరూ మూస్తుంది. అడవిలో ఆగిపోతే ఇంటికి చేరడానికి వేసుకోండి, చేరాక నా దగ్గరికే రావాలి." బజారులో డబ్బాల్లో అమ్మే లీకేజీ మందులకీ అదే వర్తిస్తుందన్నారు.

నింపడం కూడా ఒక పద్ధతి ప్రకారం జరిగింది. ముందు నీళ్లతో మూడుసార్లు కడిగారు, తుప్పు రంగు పోయి తేటగా వచ్చేదాకా. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. హీటర్ వేడి వైపు పెట్టి, క్యాప్ తీసే ఉంచి, ఇంజిన్ ఆడించి, పై హోసుని పిసుకుతూ గాలి తీశారు. పెద్ద పెద్ద బుడగలు ఆగిపోయి, థర్మోస్టాట్ తెరుచుకుని, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా వదల్లేదు. ఏప్రిల్ ఎండలో హీటర్ వేసిన కారులో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కింది నేనే, ఆ చెమట గురించి వేరే రివ్యూ రాయొచ్చు.

ఖర్చు: వాటర్ పంపు 1,450, బెల్టు 650, గొట్టం 550, రెండు హోసులు 800, క్యాప్ 250, థర్మోస్టాట్ 450, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ 600, కూలి 2,200. మొత్తం 6,950. పరీక్ష 300 తీసుకోలేదు. సామాన్లకి స్పేర్ పార్టుల కొట్లో పడిన రేటే వేశారు, పక్కన రెండు కొట్లలో నేను అడిగి సరిచూసుకున్నా (అవును, నేను అలాంటివాణ్నే).

ఇక కోసిన స్టారు. "రెండు రోజులు" అన్నది నాలుగు రోజులైంది, ఒక్క ఫోన్ లేదు, నేనే చేస్తే "గొట్టం రాలేదండీ" అని కుర్రాడు చెప్పి పెట్టేశాడు. ఆ గొట్టం పాత మోడల్ కాబట్టి దొరకడం కష్టమే, ఒప్పుకుంటా, కానీ ఆ మాట ముందు రోజే చెప్తే నేను ఆటోలు మాట్లాడుకునేవాణ్ని కాదు, ఎవరి బండైనా అడిగి తెచ్చుకునేవాణ్ని. బిల్లు లేదు. లెక్కంతా వాటర్ పంపు అట్టపెట్టె వెనక బాల్ పెన్నుతో రాసిచ్చారు, కంపెనీ ఖర్చుల్లో చూపించుకోవాల్సినవాళ్లకి అది పనికిరాదు. డ్రైవర్ సీటు మీద గ్రీజు చెయ్యి అచ్చు ఇప్పటికీ ఉంది, మా ఆవిడ రోజూ చూపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, బండి ఇంటికి తెచ్చిన సాయంత్రమే పై హోసు క్లిప్పు దగ్గర చుక్కలు కారాయి. గుండె గుభేలుమంది. మర్నాడు వెళ్తే కొత్త రబ్బరు వేడికి సర్దుకుంటుంది, ఒకసారి తిరిగాక మళ్లీ బిగించాలి అన్నారు, రెండు మలుపులు తిప్పారు, డబ్బు అడగలేదు. బాగానే ఉంది, కానీ "రేపొకసారి వచ్చి బిగించుకెళ్లండి" అనే ముక్క ముందే చెప్పొచ్చుగా. పని తెలిసినవాళ్లకి మాట్లాడటం ఎందుకో బరువు.

కొత్త కార్లు, వారంటీలో ఉన్నవి, బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడనివి ఇక్కడికి తీసుకెళ్లకండి, ఆయనే ముట్టుకోరు. 800, జెన్, ఎస్టీమ్, పాత శాంత్రో, అంబాసిడర్ లాంటివైతే నిశ్చింతగా తీసుకెళ్లండి. అంబాసిడర్ ఇత్తడి రేడియేటర్‌కి టంకం పెట్టడం ఆయన చేతుల్లో చూడాలి, నా బండి కోసం ఎదురుచూస్తూ ఒకటి చూశా, ఆ పావుగంట సినిమాకి వెళ్లినట్టే గడిచింది. ఆదివారం సెలవు. ముందు రోజు సాయంత్రమే బండి వదిలేసి రండి, వేడి ఇంజిన్‌తో పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం దాకా కూర్చోబెడతారు.

ఇది రాసే నాటికి రెండు నెలలు, 1,100 కిలోమీటర్లు. ముల్లు ఇప్పుడు సగానికి కొంచెం కింద నిలబడుతోంది, మొదటి వారం అది చూసి నాకే టెన్షన్, అంత పైన ఎప్పుడూ చూడలేదు మరి. నాన్నగారు డబ్బా మీద నీటి మట్టం దగ్గర ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్క అంటించారు. రోజూ పేపరు చదివాక కళ్లజోడు తీయకుండానే వెళ్లి బానెట్ ఎత్తి చూసొస్తారు. మొన్న వచ్చి, "గోరంత తగ్గిందిరా" అన్నారు. నేను పరిగెత్తుకెళ్లి చూస్తే టేపే ఒక పక్క ఊడి వేలాడుతోంది.